బట్టల కారఖానాలో కార్బన్ తగ్గించడం ఎలా: పైకప్పు కంటే ముందు బాయిలర్ చూడండి

కొనేవాళ్ల దగ్గర నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. మీ యూనిట్ ఏడాదికి ఎన్ని టన్నుల కార్బన్ వదులుతోంది, వచ్చే మూడేళ్లలో ఎంత తగ్గిస్తారు అని అందులో గళ్లుంటాయి. ఆ షీటు వాట్సాప్‌లో నాకు పంపి "అన్నా, ఇదేంది, ఏం రాయాలె?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ పారిశ్రామికవాడలో టవళ్లు నేసేవాళ్లు, ఊరి తూర్పు వైపు పూర్వ భాగ్‌లో స్కూలు యూనిఫాంలు కుట్టించేవాళ్లు, నాందేడ్, దెగ్లూర్ నుంచి రెడీమేడ్ వాళ్లు, ఒకసారి ఒడిశాలోని బరంపురం నుంచి పట్టుచీరల ఆసామి కూడా అడిగారు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

దాదాపు అందరి మొదటి మాట ఒకటే: "సోలార్ పెట్టిస్తే అయిపోతుంది కదా?" అయిపోదు. రంగులద్దే యూనిట్ అయితే సగం కార్బన్ బాయిలర్ పొయ్యిలోంచే పోతుంది. అక్కడ పైసా ఖర్చు లేకుండా తగ్గేది కొంత ఉంటుంది. దాన్ని వదిలేసి లక్షలు పోసి పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టడమంటే చిల్లి కుండలో నీళ్లు పోయడమే. అందుకే సోలార్‌ను ఇందులో చివరికి నెట్టాను.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నారో రెండు ముక్కల్లో చెబుతాను. స్టాక్ మార్కెట్లో లిస్టయిన మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టులో పర్యావరణ వివరాలు ఇవ్వాలని సెబీ నిబంధన. ఆ కంపెనీలకు యూనిఫాంలో టవళ్లో అమ్మే మన దాకా ఆ ప్రశ్న దిగివచ్చింది. ఎగుమతి ఉంటే విదేశీ బ్రాండ్లు హిగ్ అనే ఫారం నింపమంటాయి. "యూరప్ వాడు బట్టల మీద కార్బన్ పన్ను వేస్తున్నాడట" అని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: ఆ పన్ను సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీద. బట్టలు ఆ జాబితాలో లేవు. ఆ భయం చూపించి కన్సల్టెన్సీ అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి.

కావలసినవి

- గత 12 నెలల కరెంటు బిల్లులు, అన్ని మీటర్లవీ. ఇంటి మీటరు నుంచి వైరు లాగి రెండు మెషిన్లు నడుపుతుంటే అది కూడా.
- బొగ్గు, కట్టె, బ్రికెట్ (పంట వ్యర్థాలు అదిమి చేసిన దిమ్మెలు), డీజిల్, గ్యాస్ సిలిండర్ల బిల్లులు. చీటీ మీద కొన్నవి ఉంటే ఆ చీటీలు.
- నెలవారీగా ఎన్ని కిలోల సరుకు తయారైందో ఆ లెక్క. యూనిఫాం వాళ్లయితే ఎన్ని పీసులో.
- నూలు, బట్ట కొన్న బిల్లులు, రకాల వారీగా.
- ఒక క్లాంప్ మీటరు, మామూలు థర్మామీటరు, సబ్బు నీళ్లు, చాక్‌పీసు. ఆవిరి పైపులు ఎక్కువుంటే దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కూడా కొనండి, పెద్ద ఖరీదేమీ కాదు.
- ఒక 200 పేజీల నోటుబుక్కు. సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం.
- బాయిలర్ మండించే ఫైర్‌మన్‌తో, మగ్గాలు చూసుకునే జాబర్‌తో కూర్చుని చాయ్ తాగే ఓపిక. ఆ ఓపిక లేని కారఖానాలో ఏదీ తగ్గదు, నేను చూశాను.

1. ముందు లెక్క కట్టండి

ఏది ఎంత వాడితే ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ (ఇందులో కార్బన్ అంటున్నది దీన్నే) అవుతుందో ఇదిగో:

- గ్రిడ్ కరెంటు: యూనిట్‌కు సుమారు 0.72 కిలో
- డీజిల్: లీటరుకు 2.68 కిలోలు
- వంటగ్యాస్ రకం ఎల్‌పీజీ: కిలో గ్యాసుకు సుమారు 3 కిలోలు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ అంటే 57
- బొగ్గు: 4,000 కిలోకేలరీల మన దేశపు రకమైతే కిలోకు సుమారు 1.6, దిగుమతి చేసుకున్న 5,500 రకమైతే 2.2 దాకా

కరెంటు అంకె షోలాపూర్‌కూ బరంపురానికీ ఒకటే. దేశమంతా ఒకే గ్రిడ్ కాబట్టి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఒకే సగటు ప్రకటిస్తుంది. ఆ ఒకటి కావడం కూడా మన షోలాపూర్ మీదుగానే జరిగింది: 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. 0.72 ఎందుకంత ఎక్కువ అంటే, హోట్గీ దగ్గరి ఎన్‌టీపీసీ ప్లాంటు చూడండి. 660 మెగావాట్ల యూనిట్లు రెండు, రెండూ బొగ్గువే. మీ సాంచా (మరమగ్గం) తిరిగేది చాలావరకు అలాంటి పొగ మీదే.

ఉదాహరణకు నెలకు 15,000 కిలోల టవళ్లు నేసి, రంగువేసే ఒక యూనిట్ అనుకుందాం.

- కరెంటు 24,000 యూనిట్లు × 0.72 = 17,280 కిలోలు
- బొగ్గు 12 టన్నులు × 1.6 = 19,200 కిలోలు
- డీజిల్ 150 లీటర్లు × 2.68 = 402 కిలోలు
- గ్యాస్ 10 సిలిండర్లు × 57 = 570 కిలోలు

మొత్తం 37,452 కిలోలు, అంటే నెలకు సుమారు ముప్పై ఏడున్నర టన్నులు. ఇందులో సగానికి పైగా బొగ్గు. దీన్ని 15,000తో భాగిస్తే కిలో టవలుకు 2.5 కిలోల కార్బన్. 300 గ్రాముల టవలు ఒక్కోదానికి ముప్పావు కిలో. నూలు తయారీలో పోయినది ఇందులో ఇంకా కలపలేదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. ఒకటి నేనే చేశాను. మొదటిసారి ఫారం నింపినప్పుడు బిల్లులో పెద్ద అక్షరాలతో ఉన్న కేవీఏహెచ్ అంకె తీసుకుని 0.72తో గుణించాను. మహారాష్ట్రలో పెద్ద కనెక్షన్లకు డబ్బు లెక్క కేవీఏహెచ్ మీద వేస్తారు కానీ కార్బన్ లెక్కకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా వాడిన యూనిట్లు. పవర్ ఫ్యాక్టర్ పాడైన నెలల్లో నా లెక్క ఊరికే ఉబ్బిపోయింది. కొనేవాళ్ల ఆఫీసులో ఒక కుర్రాడు పట్టుకుని తిప్పి పంపాడు. ఆ రోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండోది: బొగ్గు కొన్న బిల్లే వాడకం అనుకోవడం. నెల మొదట ఉన్న నిల్వ, దానికి కొన్నది కలిపి, నెలాఖరు నిల్వ తీసేయాలి. మూడోది కిలోలు, టన్నులు కలగలిపేయడం. ఫారంలో టన్నులు అడిగితే 37,452 అని రాసి పంపిన సేఠ్ ఒకాయన ఉన్నాడు. ఆ లెక్కన ఆయన కారఖానా ఒక చిన్న పవర్ ప్లాంటు.

2. కిలోకు ఎంత అన్నదే మీ అసలు అంకె

సరుకు తగ్గిన నెలలో కార్బన్ కూడా తగ్గుతుంది. అది మీ గొప్ప కాదు, ఆర్డరు లేకపోవడం. కాబట్టి ప్రతినెలా మొత్తం అంకె కింద "కిలోకు ఎంత" అని ఇంకో గీత గీయండి. యూనిఫాం కుట్టేవాళ్లు పీసుకు ఎంత అని రాసుకోవచ్చు. కాకపోతే చొక్కా, నిక్కరు, బ్లేజరు అన్నీ ఒకే పీసు కింద కలిపేయకండి.

3. బాయిలర్: ఇక్కడే ఎక్కువసేపు ఆగండి

బాయిలర్ లేని కుట్టు యూనిట్ వాళ్లు నేరుగా 6కు వెళ్లిపోవచ్చు.

ముందు ఒక రోజంతా బాయిలర్ దగ్గర నిలబడండి. ఆవిరి ఎక్కడెక్కడ బయటికి పోతోందో చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. వాల్వ్ గ్లాండ్లు, ఫ్లాంజ్ జాయింట్లు, వాడకం లేని పాత లైన్లు. ఎప్పుడో తీసేసిన మెషిన్‌కు వెళ్లే పైపులో ఇంకా ఆవిరి నిండి ఉండటం మన వైపు మామూలే. దాన్ని మొదట్లోనే మూసేయించండి. ఖర్చు ఒక బ్లైండ్ ఫ్లాంజ్, అంటే పైపు మూతి మూసే బిళ్ల.

తర్వాత తొడుగు లేని పైపులు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న ప్రతి అడుగు పైపూ మీ బొగ్గును గాలికి ఇచ్చేస్తోందని లెక్క. గ్లాస్ ఊల్ చుట్టి పైన అల్యూమినియం రేకు వేయించండి. పైపులకు చుట్టి వాల్వులను వదిలేయడం అందరూ చేసే తప్పు. విప్పి పెట్టుకునే తొడుగులు దొరుకుతాయి, వాల్వులకు అవి వాడండి. తడిసిన ఊల్ ఉన్నా లేనట్టే, వానాకాలం తర్వాత ఒకసారి చూసుకోండి.

ఇక అన్నిటికంటే లాభమిచ్చే పని, కండెన్సేట్ నీళ్లు వెనక్కి తెచ్చుకోవడం. ఆవిరి తన వేడి ఇచ్చేసి నీరై బయటికి వస్తుంది. ఆ నీళ్లు ఇంకా కాగుతుంటాయి, పైగా శుభ్రమైనవి. చాలా కారఖానాల్లో అవి నేరుగా నాలాలోకి పోతున్నాయి. రోజూ కుళాయి రాని ఊళ్లో, ఉజని డ్యాం నీళ్ల కోసం ఇంత గొడవపడే ఊళ్లో! బాయిలర్‌కు పోసే నీళ్లు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం సుమారు 1 శాతం ఆదా అవుతుంది. 30 డిగ్రీల నీళ్లను 78కి తెస్తే 8 శాతం. పై ఉదాహరణలో అది నెలకు 960 కిలోల బొగ్గు, ఒకటిన్నర టన్నుల కార్బన్.

మూడు హెచ్చరికలు. ఆవిరిని నేరుగా రంగు తొట్టిలోకి వదిలే మెషిన్ నుంచి కండెన్సేట్ రాదు, కాయిల్ ఉన్న మెషిన్ల నుంచే వస్తుంది. ఆ కాయిల్‌కు చిల్లి పడితే రంగునీళ్లు బాయిలర్‌లోకి పోతాయి, కాబట్టి తిరిగొచ్చే నీళ్ల రంగు రోజూ ఒక గాజు గ్లాసులో పట్టి చూడాలి. మూడోది, నీళ్లు బాగా వేడెక్కితే ఫీడ్ పంపు గడగడలాడుతుంది, నీళ్లు లాగదు. ట్యాంకును పంపు కంటే ఎత్తులో పెట్టించండి. చాలామంది ఈ చప్పుడు విని భయపడి మళ్లీ చల్లనీళ్లకు మారిపోతారు. ఇక ఆవిరి పైపుల మీద కోత, వెల్డింగ్ ఏదైనా బాయిలర్ నిబంధనల ప్రకారం లైసెన్సున్నవాడితోనే. వీధి చివరి వెల్డర్‌ను పిలవకండి.

ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే స్టీమ్ ట్రాపులు కూడా చూడండి. పాడైన ట్రాపు రెండు రకాలు. మూసుకుపోతే మెషిన్ వేడెక్కదు, దాన్ని వెంటనే బాగుచేస్తారు. తెరుచుకుని ఉండిపోతే పని బాగానే నడుస్తుంది కానీ ఆవిరి ఊరికే పోతుంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీరు వెతకాల్సింది ఈ రెండోదాన్ని.

చిమ్నీ వేడి కూడా రాసుకోండి. పొగ వేడి 22 డిగ్రీలు తగ్గితే బాయిలర్ సామర్థ్యం సుమారు 1 శాతం పెరుగుతుంది. నెలనెలా వేడి పెరుగుతోందంటే ట్యూబుల్లో మసో నీళ్ల గారో పేరుకుందని అర్థం. నల్లపొగ రావడం లేదు కాబట్టి కార్బన్ తగ్గిందనుకోవడం మాత్రం పొరపాటు. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనిపించదు.

బొగ్గు బదులు ఏం వాడాలి? షోలాపూర్ జిల్లా నిండా చక్కెర ఫ్యాక్టరీలే కాబట్టి బగాస్ (చెరకు పిప్పి) బ్రికెట్లు దగ్గర్లో దొరుకుతాయి. పంట వ్యర్థం కాబట్టి దాని కార్బన్ డయాక్సైడ్‌ను విడి గడిలో చూపిస్తారు, బొగ్గు లెక్కలో కలపరు. క్రషింగ్ నడిచే చలికాలంలో కొని పొడిగా దాచుకోగలిగితేనే గిట్టుబాటు. తడిసిన బ్రికెట్ పొగ తప్ప వేడి ఇవ్వదు. "ప్రెషర్ నిలవట్లేదు" అని ఫైర్‌మన్ మొదటి వారమే అంటాడు. ఒకేసారి మార్చకుండా నాలుగోవంతు కలుపుతూ మొదలుపెట్టండి, గాలి డ్యాంపర్ మళ్లీ సరిచేయించండి. బరంపురం, పర్లాకిమిడి వైపు పట్టునూలు ఉడకబెట్టే పొయ్యిలకు కట్టె వాడేవాళ్లు గమనించాలి: అడవి నరికి తెచ్చిన కట్టెను ఈ పచ్చ లెక్కలో వేయకూడదు. చేతిమగ్గానికి కరెంటు లేదు కాబట్టి మీ దగ్గర తగ్గేదల్లా ఆ పొయ్యి దగ్గరే. గాలి సరిగా ఆడే పొయ్యి, మూత ఉన్న గిన్నె, ఒకే వేడినీళ్లలో వెంటవెంటనే రెండు లాట్లు. పెద్ద విద్య ఏమీ కాదు.

4. రంగు ఒక్కసారికే కుదరాలి

షేడు తప్పి మళ్లీ వేసిన ప్రతి లాటుకూ ఆవిరి, నీళ్లు, రంగు అన్నీ రెండింతలు. అయినా కార్బన్ గురించి మాట్లాడేటప్పుడు రీడై సంగతి ఎవరూ ఎత్తరు, పరువు తక్కువని కాబోలు. నోటుబుక్కులో ఒక పేజీ దీనికే పెట్టండి. ఈ నెల ఎన్ని లాట్లు, అందులో మళ్లీ వేసినవి ఎన్ని, ఎందుకు. మూడు నెలలు రాస్తే కారణాలు వాటంతట అవే బయటపడతాయి. మా దగ్గర బయటపడింది నీళ్ల కఠినత్వం (హార్డ్‌నెస్). ట్యాంకర్ నీళ్లు వచ్చిన రోజులకూ షేడు తప్పిన రోజులకూ పొత్తు కుదిరింది. సాఫ్ట్‌నర్ బాగుచేయించాక రీడై బాగా తగ్గింది.

మెషిన్ మార్చే ఆలోచన ఉంటే, కిలో సరుకుకు ఎన్ని లీటర్ల నీళ్లు కావాలో అడగండి. పాత విన్చ్ మెషిన్‌కు 15 నుంచి 20 లీటర్లు, సాఫ్ట్ ఫ్లో రకానికి 5 నుంచి 8. తక్కువ నీళ్లంటే కాచాల్సిందీ తక్కువే. కాటన్ బట్టకు రియాక్టివ్ రంగులు వేసేవాళ్లు కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ పద్ధతి చూడవచ్చు. రంగు పట్టించి చుట్ట చుట్టి గది వేడిలోనే ఉంచేస్తారు, అద్దకానికి ఆవిరి అక్కర్లేదు. ఉతకడానికి మాత్రం వేడినీళ్లు కావాలి. కొద్ది కొద్ది లాట్లు, రోజుకో షేడు వేసేవాళ్లకు ఇది కుదరదు.

5. ఆరబెట్టడం

నీళ్లను పిండి తీయడం చవక, ఆవిరి చేసి తీయడం ఖరీదు. తిప్పి నీళ్లు పిండే హైడ్రో మెషిన్‌లో ఇంకో రెండు నిమిషాలు తిప్పితే వేడిగాలి టంబ్లర్‌లో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. ఏప్రిల్, మే ఎండలో కూడా నూలును ఆవిరి డ్రయ్యర్‌లో పెట్టే యూనిట్లు ఉన్నాయి. మేడ మీద వెదురు కడ్డీలు ఉన్నవాళ్లు వాటిని పారేయకండి. రంగు వెలిసిపోయే షేడ్లను మాత్రం నీడన ఆరేయండి.

6. సాంచాలు, కుట్టు మెషిన్లు, కంప్రెసర్

కుట్టు యూనిట్లో అన్నిటికంటే సులువైనది మోటారు మార్చడం. పాత క్లచ్ మోటారు దర్జీ కుట్టినా, దారం ఎక్కిస్తున్నా, పక్కవాళ్లతో మాట్లాడుతున్నా తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. 40 మెషిన్లు, ఒక్కోటి పావు కిలోవాట్, రోజుకు 8 గంటలు, 300 రోజులు అంటే 24,000 యూనిట్లు. అందులో 60 శాతం తగ్గినా 14,400 యూనిట్లు, ఏడాదికి పది టన్నులకు పైగా కార్బన్. మీ దగ్గర ఎంత తగ్గుతుందో తెలియాలంటే ముందు రెండు మెషిన్లకు మార్చి, వారం రోజులు క్లాంప్ మీటరుతో పోల్చి చూడండి. అమ్మేవాడి కాగితం నమ్మి నలభై ఒకేసారి కొనకండి. దర్జీలకు మొదట్లో పెడల్ తేలికైపోయినట్టు అనిపించి కుట్టు జారుతుంది, స్పీడు తగ్గించి అలవాటు చేయించాలి.

సాంచాల మోటార్లు నాలుగైదుసార్లు రీవైండింగ్ అయినవైతే ఇంకోసారి కాలినప్పుడు మళ్లీ చుట్టించకండి, కరెంటు తక్కువ తినే ఐఈ3 రకం మోటారు కొనండి. బాగున్నదాన్ని తీసి పారేయమని మాత్రం చెప్పను. మరమగ్గాలకు రాయితీ కరెంటు ఉంది కదా, ఎందుకీ బాధ అంటారు కొందరు. రాయితీ తగ్గించేది బిల్లును, పొగను కాదు.

ఎయిర్ కంప్రెసర్ ఉన్నచోట మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక అందరూ వెళ్లిపోయినప్పుడు ఐదు నిమిషాలు నిలబడి వినండి. బుస్సుమనే చప్పుడు ఎక్కడుంటే అక్కడ సబ్బు నీళ్లు రాయండి. 7 బార్ ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లి ఒక్కటి సుమారు 3 కిలోవాట్లు తినేస్తుంది. రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు అంటే 780 యూనిట్లు, 560 కిలోల కార్బన్. పై ఉదాహరణలో జనరేటర్ డీజిల్ మొత్తం కంటే ఎక్కువ! ప్రెషర్ ఒక బార్ తగ్గించి చూడండి, పని నడిస్తే అక్కడే ఉంచేయండి. 6 నుంచి 10 శాతం దాకా మిగులుతుంది.

7. కటింగ్ టేబులు, నూలు

మీ గేటు లోపల జరిగేదానికంటే నూలు, బట్ట తయారీలో పోయే కార్బనే పెద్దది. ఫారంలో దీన్ని స్కోప్ 3 అంటారు. బొగ్గు, డీజిల్ మీరు మండించేవి స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2. అంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

ఇక్కడ మీ చేతిలో ఉన్నది వృథా. కటింగ్ మాస్టర్‌కు ఒక తూకం యంత్రం ఇచ్చి ప్రతి లే (ఒకేసారి పరిచి కత్తిరించే బట్ట పొరలు)కి ఎంత బట్ట వేశారు, ఎంత చిందీ (కత్తిరింపు ముక్కలు) వచ్చింది అని రాయించండి. నూటికి 15 దాకా చిందీ పోయే చోట మార్కర్ (కత్తిరింపు గీతల అమరిక) సరిచేసి 12కు తెచ్చినా, ఆ మూడు కిలోల బట్ట వెనక ఉన్న పత్తి, నూలు, రంగు, ఆవిరి అన్నీ మిగిలినట్టే. పిల్లల సైజులను పెద్ద సైజుల సందుల్లో ఇరికించడం పాత మాస్టర్లకు బాగా తెలుసు. తొందరలో మానేశారంతే. మిగిలిన చిందీని రంగుల వారీగా, కాటన్ వేరు, పాలిస్టర్ వేరు చేసి అమ్మండి. పానిపట్‌లో దాన్నుంచి మళ్లీ నూలు తీస్తారు. కలిపేసిన మూటకు ధరా తక్కువే. బాయిలర్‌లో మాత్రం చిందీ వేయకండి. పాలిస్టర్ కాలితే అది కట్టె లెక్క కాదు, బొగ్గులాగే భూమిలోంచి తీసిన కార్బనే, పైగా విషపు పొగ.

నూలు కొనేటప్పుడు మిల్లును రెండు ప్రశ్నలు అడగండి: మీ కరెంటు ఎక్కడిది, కిలో నూలుకు కార్బన్ ఎంతో కాగితం ఇస్తారా? కోయంబత్తూరు వైపు మిల్లుల్లో సొంత గాలిమరలున్నవి చాలా ఉన్నాయి. ఒకే కౌంటు, ఒకే ధర అయితే అలాంటి నూలు తీసుకోండి. రీసైకిల్ పాలిస్టర్ అని చెబితే ఆ లాటుకు సంబంధించిన ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ అడగాలి. గోడకు వేలాడే మిల్లు సర్టిఫికెట్ ఫొటో సరిపోదు.

8. ఇప్పుడు సోలార్

1 కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి, మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 50 కిలోవాట్లు పెడితే నెలకు 6,000 యూనిట్లు, నాలుగు టన్నులకు పైగా కార్బన్ తగ్గుతుంది. మంచిదే. అయితే సిమెంటు రేకుల షెడ్డు మీద నేరుగా బిగించనివ్వకండి. రేకులు బరువు మోయవు, ఎక్కి తుడవబోయిన మనిషి కిందపడతాడు. కింద ఇనుప స్ట్రక్చర్ ఖర్చు ముందే కొటేషన్‌లో రాయించండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. కారఖానాకు ఇప్పిస్తానన్నవాడికి అడ్వాన్సు ఇవ్వద్దు. మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్‌కు కరెంటు కంపెనీ మహావితరణ్ అనుమతి ముందు, ప్యానెళ్లు తర్వాత. కారఖానాలోంచి వచ్చే నూలు దూది ప్యానెళ్లకు అంటుకుంటుంది, కాబట్టి తెల్లవారుజామున మెత్తటి బట్టతో తుడిపించాలి.

పైకప్పు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. లోడు 100 కిలోవాట్లు, అంతకుమించి ఉంటే 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనల కింద బయట నుంచి సోలార్ కరెంటు కొనవచ్చు. అన్ని చార్జీలు కలిపాక యూనిట్ ఎంత పడుతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

9. రవాణా

దీని గురించి ఎక్కువ చెప్పను. లారీ నిండకుండా పంపకండి. విమానంలో పంపే పరిస్థితి తెచ్చుకోకండి. ఓడతో పోలిస్తే విమానానికి కార్బన్ పదుల రెట్లు. డైయింగ్ వారం ఆలస్యమైందని మొత్తం కన్‌సైన్‌మెంట్ విమానమెక్కితే, ఏడాదంతా బాయిలర్ దగ్గర మిగిల్చినది ఒక్క రోజులో పోతుంది.

తగ్గిందా లేదా ఎలా తెలుసుకోవాలి

మొదటి పరీక్ష పండగ రోజు చేయండి. నారళీ పున్నమికి మార్కండేయ రథం లాగే రోజు సాంచాలన్నీ బంద్ ఉంటాయి కదా. ముందు రాత్రి తాళం వేసేటప్పుడు మీటరు రీడింగ్ రాసి, మర్నాడు తెరిచినప్పుడు మళ్లీ రాయండి. ఏమీ నడవని రోజు కూడా యూనిట్లు కదిలాయంటే కారణం వెతకాలి. ఒకచోట పాత స్టెబిలైజర్, బోరు పంపు ఆటో స్విచ్, ఎవరూ ఆపని కంప్రెసర్ దొరికాయి.

రెండోది: డైయింగ్, నేత, కుట్టు విభాగాలకు వేరువేరు సబ్ మీటర్లు. ఒకే మీటరు మీద ఎక్కడ తగ్గిందో చెప్పలేం. మూడోది: ఒక్కో మార్పుకు మధ్య కనీసం నెల ఆగండి. సాఫ్ట్‌నర్, మోటార్లు, బ్రికెట్లు అన్నీ ఒకే నెలలో మార్చి, ఏది పనిచేసిందో తెలియక నన్ను అడిగితే నేనేం చెప్పను?

కిలోకు అంకె తగ్గినట్టు కనిపిస్తే సంతోషపడేముందు ఇవి చూసుకోండి. డైయింగ్ బయట జాబ్ వర్క్‌కు ఇచ్చారా? అప్పుడు పొగ తగ్గలేదు, పక్క గల్లీకి మారిందంతే. ఆ డైయింగ్ వాడి బొగ్గు లెక్క కూడా మీ స్కోప్ 3లో రావాలి. మందపాటి టవళ్ల నుంచి పలుచటివాటికి ఆర్డరు మారిందా? సోలార్ యూనిట్లను రెండుసార్లు తీసేశారా? నెట్ మీటరు బిల్లులో అవి ఇప్పటికే తగ్గి ఉంటాయి. గేటు దగ్గర నాటిన యాభై వేపమొక్కలను ఇందులోంచి తీసివేయడం కూడా కుదరదు. నీడకు నాటండి, లెక్కకు కాదు.

ఫారం తిరిగి పంపేటప్పుడు

బిల్లు ఉన్నవాటికే అంకె రాయండి. మిగతా గళ్లలో "ఇంకా లెక్కించలేదు" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు, ఊహించి రాస్తే వచ్చే ఏడాది ఆడిట్‌లో దొరికిపోతారు. ఏ ఏడాదితో పోలుస్తున్నారో ఆ ఏడాదిని మధ్యలో మార్చకండి. లేబుల్ మీద "కార్బన్ న్యూట్రల్", "పర్యావరణ హితం" అని అచ్చు వేయించమని డిజైనర్ అడుగుతాడు, ఒప్పుకోకండి. ఆధారం చూపలేని పచ్చ ప్రచారం మీద వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది.

షీటు చివర "2030 నాటికి ఇంత శాతం తగ్గిస్తాం" అనే పేజీ ఉంటే దాన్ని వేరే తీసి పెట్టండి. కనీసం ఆరు నెలల సొంత అంకెలు చేతికొచ్చాక, మీ లెక్కల మనిషితో కూర్చుని, తగ్గించకపోతే ఆర్డరో పేమెంటో ఆపుతామన్న షరతు అందులో ఎక్కడైనా ఉందేమో చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.